ఇవాళ తప్పు లేదు

ఆ రోజు పొద్దున తప్పుల మేడం ఒక గట్టి నిర్ణయంతో నిద్ర లేచింది. ఇవాళ్టి క్లాసులో ఒక్క తప్పు కూడా చేయకూడదు.

లెక్కలు చెప్పేవాళ్ళకు మామూలుగా ఇలాంటి నిర్ణయాల అవసరం రాదు. తప్పు చేయకపోవడానికే వాళ్ళకు జీతమిస్తారు. ఈవిడ సంగతి వేరు. విశ్వవిద్యాలయంలో మొదటి సంవత్సరం పిల్లలకు గణితం చెబుతూ, క్లాసుకొక తప్పు చొప్పున కావాలనే బోర్డు మీద రాస్తుంది. అది ఎక్కడుందో ముందుగా చెప్పదు. కనిపెట్టినవాళ్ళు "ఆగండి" అంటూ లేచి నిలబడాలి. దిద్దేసి కూర్చుంటే చాలదు, అలాంటి తప్పు చేసిన మనిషి బుర్రలో ఏం జరిగి ఉంటుందో కూడా చెప్పాలి. చెప్పగలిగితే ఒక రంగు సుద్దముక్క బహుమానం. ఇక ఎవరైనా నిజంగానే పొరపాటు పడితే నవ్వకూడదు, "మీకు అలా ఎందుకు అనిపించింది?" అని మర్యాదగా అడగాలి. ఇవీ ఆ క్లాసు కట్టుబాట్లు. తప్పుల మేడం అన్న పేరు పిల్లలు ముద్దుగా పెట్టుకున్నారు. తోటి అధ్యాపకులు కూడా అదే పేరు వాడతారు గాని, ముద్దుగా కాదు.

దానికి కారణం ఆవిడ పరిశోధన. డిపార్టుమెంటులో తక్కినవాళ్ళంతా గణితం మీద పరిశోధన చేస్తారు. ఆవిడ మాత్రం గణితం నేర్చుకునేవాళ్ళ మీద చేస్తుంది. మనుషులు ఎక్కడ తడబడతారు, ఎందుకు తడబడతారు, ఆ తడబాటునే పాఠంగా మలిస్తే ఏమవుతుంది, ఇదీ ఆవిడ జీవితకాలపు గొడవ. "మనం వంట చేస్తుంటే ఆవిడ వడ్డన మీద వ్యాసాలు రాస్తుంది" అని స్టాఫ్ రూములో ఒక జోకు. వడ్డన సరిగా లేకే పిల్లలు ఆకలితో లేచిపోతున్నారని ఆవిడ చెబితే వినేవాళ్ళు లేరు.

ప్రొఫెసరు పదవికి అప్పటికే రెండుసార్లు అప్లై చేసి రెండుసార్లూ ఉత్త చేతులతో వచ్చింది. పోయినసారి ఇంటర్వ్యూకు బయటి నిపుణుడిగా ఒక పెద్దాయన వచ్చాడు. ఆయన రాసిన పుస్తకం లేని లైబ్రరీ లేదు, దాన్ని చివరిదాకా చదివిన మనిషీ లేడు. తప్పుల మేడం తన ముఖ్యమైన వ్యాసాన్ని ఆయన ముందు పెట్టింది. సగటు వేగం లెక్కలో బాగా చదువుకున్నవాళ్ళే ఎందుకు బోల్తా పడతారన్నది అందులో విషయం. పెద్దాయన శీర్షిక చదివి, పేజీ తిప్పకుండానే బల్ల మీద పెట్టేశాడు.

"ఏడో తరగతి లెక్క ఇది. ఇందులో చదువుకున్నవాడు తప్పేం చేస్తాడమ్మా?" అన్నాడు. అక్కడితో ఆ ఏడాది ఆశ తీరిపోయింది.

ఇది మూడోసారి, ఆఖరిసారి కూడా. ఈసారి కాదంటే ఆవిడను క్లాసుల నుంచి తప్పించి టైంటేబుల్ విభాగంలో కూర్చోబెడతారట. పదవి రాకపోయినా ఆవిడ బతకగలదు. ఎవరు ఏ గదిలో ఎప్పుడు పాఠం చెప్పాలో నిర్ణయిస్తూ, తాను మాత్రం ఏ గదిలోనూ చెప్పకుండా బతకడం తన వల్ల కాదని ఆవిడకు తెలుసు. ఆ భయంతోనే వారం రోజులుగా కంటిమీద కునుకు లేదు.

"ఇవాళ ఒక్కరోజుకీ ఆ తప్పుల గోల వద్దు" అన్నాడు భర్త, టిఫిను తింటూ. ఆయన పళ్ళ డాక్టరు. "ఇంటర్వ్యూకు ముందు కమిటీవాళ్ళు క్లాసులో కూర్చుని చూస్తారంటున్నావు. పద్ధతిగా నాలుగు ముక్కలు చెప్పి వచ్చెయ్."

"హెడ్డుగారు కూడా అదే అన్నారండీ. నిన్న రెండుసార్లు ఫోన్ చేశారు."

పక్కన కాఫీ చల్లార్చుకుంటున్న అత్తగారికి ఈ మాట నచ్చలేదు. "అలవాటు లేని ఔపాసన చేస్తే మీసాలు కాలాయట. రోజూ చేసే పని ఇవాళే ఎందుకు మానడం?"

"అమ్మా, నీకు తెలీదు, ఊరుకో" అని, డాక్టరు భార్యవైపు తిరిగాడు. "అవునూ, ఆ వ్యాసం కోసం ఊళ్ళో ప్లీడర్లనీ ఇంజనీర్లనీ, చివరికి నా కాంపౌండరుని కూడా కూర్చోబెట్టి లెక్క అడిగావు. నన్నొక్కణ్ణే అడగలేదు. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా అడిగావా?"

"మీకు తీరిక ఉండదని అడగలేదు లెండి" అని తప్పుల మేడం సంచి భుజానికి తగిలించుకుంది. రంగు సుద్దముక్కల డబ్బా ఇంట్లోనే వదిలేయబోయి, చేతికి అలవాటైపోయిన వస్తువు కదా అని మళ్ళీ సంచిలోనే వేసుకుంది.

క్లాసు నిండుగా ఉంది. వెనక వరుసలో ముగ్గురు పెద్దలు పిల్లల బెంచీల్లో ఇరుక్కుని కూర్చున్నారు. ఒకాయన హెడ్డుగారు, మెత్తని మనిషి, ఎవరికీ చెడు తలపెట్టడు, మంచి చేసే ధైర్యమూ లేదు. రెండో ఆవిడ డీన్. చేతిలో పెన్ను, ముఖంలో ఏ భావమూ లేదు. మూడో మనిషిని చూడగానే తప్పుల మేడం గొంతులో పచ్చి వెలక్కాయ పడింది. పోయినసారి వచ్చిన పెద్దాయనే మళ్ళీ వచ్చాడు.

పాఠం సగటు మీద. ఆవిడ బోర్డు మీద శుభ్రంగా రాసుకుంటూ పోయింది. ఒక్క తప్పు లేదు, ఒక్క తడబాటు లేదు. పాఠం నూనె పోసిన యంత్రంలా నడుస్తోంది. ఆవిడకే కొంచెం విసుగ్గా ఉంది.

పిల్లలకు మాత్రం విసుగు కాదు, కంగారు. అందరూ మెడలు సాచి బోర్డును వెతుకుతున్నారు. ఎంత వెతికినా తప్పు దొరకడం లేదు. పైగా వెనకాల ఎవరో కొత్తవాళ్ళు కూర్చున్నారు. అంటే ఇవాళ మేడం మామూలు తప్పు వేయలేదు, పండగనాటి తప్పేదో వేసింది అని వాళ్ళకు అర్థమైపోయింది.

ముందు వరుసలో ఒక అమ్మాయి ఉంది. ఎంత చిన్న తప్పునైనా వదలదని క్లాసంతా ఆమెను భూతద్దం అంటుంది. ఆ అమ్మాయి ఇక ఆగలేక లేచింది.

"ఆగండి మేడం. ఇవాళ తేదీ తప్పు రాశారు."

తేదీ సరిగ్గానే ఉంది. భూతద్దం గోడ మీది క్యాలెండరు చూసి నాలిక కరుచుకుని కూర్చుంది. వెనక వరుసలో పెద్దాయన డీన్ వైపు వంగి, "తేదీ కూడా తెలియని పిల్లలా?" అన్నాడు. ఆ మాట బోర్డు దాకా వినబడింది.

తప్పుల మేడం గబగబా ముందుకు కదిలి సగటు నిర్వచనం రాసింది. అన్నిటినీ కూడి, ఎన్ని ఉన్నాయో ఆ సంఖ్యతో భాగించడం. ఈసారి మధ్య వరుసలోంచి ఒక పొడుగాటి కుర్రాడు లేచాడు. ఏ పక్షం ఇచ్చినా వాదించగలడు కాబట్టి వాడి పేరు వకీలు.

"ఆగండి మేడం. అది తప్పు."

"తప్పు కాదు, సరైనదే" అందావిడ, నవ్వు తెచ్చుకుంటూ.

"మా ఇంట్లో ఐదుగురం మేడం. నేను రోజుకు మూడు కప్పుల కాఫీ తాగుతాను. మిగతా నలుగురూ తలా అరకప్పు. మీ లెక్క ప్రకారం సగటున మనిషికి ఒక కప్పు. కానీ ఒక్క కప్పు తాగే మనిషి మా ఇంట్లో ఒక్కడూ లేడు. లేని మనిషిని పట్టుకొచ్చి సగటు అంటే ఎలా ఒప్పుకుంటాం?"

మామూలు రోజయితే ఈ ప్రశ్నకు ఆవిడ వాణ్ణి ఎత్తుకుని తిప్పేది. ఇవాళ మాత్రం ముచ్చెమటలు పోశాయి. వాడి వాదన విని సగం క్లాసు నిర్వచనం తప్పేనని చేతులెత్తింది. మిగతా సగం కాదంది. డీన్ పెన్ను కదలడం మొదలుపెట్టింది. హెడ్డుగారు పైకప్పులో ఫ్యాను రెక్కలు లెక్కపెడుతున్నారు.

ఇక లాభం లేదని తప్పుల మేడం అసలు సంగతి చెప్పేసింది. "చూడండి, ఇవాళ తప్పు లేదు. నిజంగా లేదు. వెతకడం మానేసి పాఠం వినండి."

అదే ఆవిడ చేసిన పెద్ద పొరపాటు. పోయిన నెలలో ఒక రోజు ఇదే మాట చెప్పి, అందరూ ఏమరుపాటుగా ఉన్నప్పుడు అన్నిటికన్నా మాయదారి తప్పు ఒకటి వేసి మూడు క్లాసులదాకా వాళ్ళ చేత వెతికించింది. ఆ దెబ్బ వాళ్ళు మరిచిపోలేదు. తప్పు లేదు అన్న మాట వినగానే క్లాసు క్లాసంతా పులిని చూసిన వేటకాళ్ళలాగా సర్దుకుని కూర్చుంది. ఒకడు బోర్డు వెనకాల ఏమైనా ఉందేమోనని తొంగి చూశాడు. ఇంకొకమ్మాయి, బల్లలు ఇవాళ ఒక వరుస ఎక్కువ ఉన్నాయి మేడం అంది.

పరువు ఎలాగూ పోతోంది. ఒక తప్పేదో వాళ్ళ చేతికిస్తే ఈ వేట ఆగుతుంది గదా అనుకుంది ఆవిడ. వారానికి ఏడు రోజులు, రోజుకు ఎనిమిది గంటల నిద్ర, మొత్తం యాభై నాలుగు గంటలు అని బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసి, పక్కకు తప్పుకుని, పిల్లల వంక ఆశగా చూసింది. మూడో తరగతి పిల్లవాడు కూడా యాభై ఆరు అంటాడు. వీళ్ళు అనలేదు. ఒక్కరూ లేవలేదు.

భూతద్దం నోరు తెరవబోతుంటే వకీలు వెనక నుంచి గొణిగాడు. "చూడకే, అది ఎర. అసలుది వేరే ఉంది."

క్లాసంతా యాభై నాలుగును చూడనట్టే కూర్చుంది. చూసిన మనిషి ఒక్కరే, డీన్. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని, బోర్డు వైపు ఒకసారి, తప్పుల మేడం వైపు ఒకసారి చూసి, చాలాసేపు ఏదో రాసుకుంది. అంటే కమిటీ లెక్కలో ఇప్పుడు పరిస్థితి ఇదీ. ఒప్పు చెబితే పిల్లలు తప్పంటున్నారు, తప్పు చెబితే నోరెత్తడం లేదు, పాఠం చెప్పేవిడకు ఎక్కాలు రావు.

మెత్తని మనిషికి కూడా ఒక్కోసారి జాలి ముంచుకొస్తుంది. హెడ్డుగారు లేచి నిలబడ్డారు. "పిల్లలూ, నేను హామీ ఇస్తున్నాను. ఇవాళ మేడం ఏ తప్పూ చేయడం లేదు" అన్నారు, యాభై నాలుగుకు ఎదురుగా నిలబడి.

డీన్ ఆయన వైపు ఒక చూపు చూసింది. ఆయన కూర్చున్నారు. పిల్లలకు మాత్రం ఒకటి తేలిపోయింది, ఇందులో హెడ్డుగారు కూడా భాగస్వామి.

తప్పుల మేడానికి టైంటేబుల్ విభాగం కిటికీ, దాని బూజు కళ్ళ ముందు కదిలాయి. ఆఖరి ఉదాహరణగా తానెరిగిన లెక్క, తన బతుకంతా మోసిన లెక్క, బోర్డు మీద రాసేసింది. ఒకాయన కారులో ఒక ఊరికి గంటకు నలభై కిలోమీటర్ల వేగంతో వెళ్ళి, అదే దారిన గంటకు అరవై వేగంతో తిరిగొచ్చాడు. మొత్తం ప్రయాణంలో సగటు వేగం ఎంత? రాసి వెనక్కి తిరిగేసరికి పది చేతులు లేచాయి. ప్రశ్నలోనే తప్పుందని ఒకడు, ఆ కారుకు మధ్యలో పెట్రోలు పోయించలేదని ఇంకొకడు, నలభై చూసి రాశారా మేడం అని మరొకడు.

ఇంక పెద్దాయన వల్ల కాలేదు. బెంచీలోంచి అవస్థపడి బయటికొచ్చి, నడుము సర్దుకుని, చకచకా బోర్డు దగ్గరికి నడిచాడు.

"ఏమిటిది, చేపల బజారా? ఏముంది ఇందులో, వడ్లగింజలో బియ్యపుగింజ" అంటూ సుద్ద అందుకుని యాభై అని రాసి, దాని చుట్టూ గట్టిగా ఒక సున్నా చుట్టాడు. "నలభై, అరవై. సగటు యాభై. ఇంతదానికి ఇంత రాద్ధాంతమా?"

తప్పుల మేడం ఆ సున్నా వంక చూసింది. ఆపాలా? ఆపితే ఆయన పరువు పోతుంది, దాంతోపాటు తన పదవీ పోతుంది. ఆపకపోతే ఇన్నేళ్ళ పనికి అర్థం లేదు. ఆవిడ ఇంకా ఎటూ తేల్చుకోకముందే గదిలో ఉన్న పిల్లలందరూ ఒక్కసారిగా లేచి నిలబడ్డారు.

"ఆగండి."

ఆ గొంతుల్లో వెక్కిరింత లేదు, వెతికి వెతికి అలిసినవాళ్ళకు దొరికిన నిమ్మళం ఉంది. ఇవాళ్టి తప్పును మేడం బోర్డు మీద రాయలేదు, వెనక బెంచీలో కూర్చోబెట్టింది. మేడం ఎంత దూరం ఆలోచించింది అని వాళ్ళు ఒకరినొకరు చూసుకుని మురిసిపోయారు.

"ఎంత బాగా చేశారు సార్" అన్నాడు వకీలు మనస్ఫూర్తిగా. "నిజంగానే తెలీనట్టు ఉంది. నాటకాల్లో వేస్తారా?"

పెద్దాయన ముఖం కందగడ్డ అయింది. హెడ్డుగారు కళ్ళు మూసుకున్నారు. భూతద్దం మాత్రం క్లాసు కట్టుబాటు మరవలేదు. ముందుకొచ్చి ఎంతో మర్యాదగా అడిగింది.

"సార్, మీకు యాభై అని ఎందుకు అనిపించిందో చెబుతారా?"

ఆ ప్రశ్న ఆయన్ని ఎవరూ ఎప్పుడూ అడిగి ఉండరు. కోప్పడటానికి తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. అడిగిన పిల్ల ముఖంలో నవ్వు లేదు, తెలుసుకోవాలన్న ఆత్రం తప్ప ఇంకేమీ లేదు. ఆయన చేతిలోని సుద్ద వంక చూసుకున్నాడు.

"ఎందుకేమిటమ్మా. రెండు వేగాలు. కూడి, సగం చేస్తే..." అని మొదలుపెట్టి, వెళ్ళేటప్పుడు అన్నాడు, వచ్చేటప్పుడు అన్నాడు, ఆగిపోయాడు. తరువాత తనలో తాను అనుకున్నట్టుగా, "నూట ఇరవై కిలోమీటర్ల దూరం అనుకుందాం. వెళ్ళడానికి మూడు గంటలు. రావడానికి రెండే. మెల్లగా నడిపినప్పుడే ఎక్కువసేపు నడిపాడు" అంటూ బోర్డు మీద వేయసాగాడు. "ఐదు గంటల్లో రెండు వందల నలభై. అంటే..."

"నలభై ఎనిమిది" అన్నారు పిల్లలు, ఆయనకు తోడుగా.

పెద్దాయన తన యాభైని తానే చెరిపేశాడు. భూతద్దం మేడం సంచిలోంచి డబ్బా తీసి, ఒక నీలం సుద్దముక్క ఎంచి ఆయన చేతిలో పెట్టింది. తప్పు ఎలా జరిగిందో చెప్పగలిగినవాళ్ళకు అది రావలసిందే. ఆయన దాన్ని కోటు జేబులో వేసుకున్నాడు. అప్పుడే గంట మోగింది.

తప్పుల మేడం ఇంటర్వ్యూ గదిలోకి అడుగుపెట్టింది. ముగ్గురూ వరుసగా కూర్చున్నారు. ముందు మాట్లాడింది డీన్.

"ఏడెనిమిదులు యాభై నాలుగు అని రాశారు."

"అవునండీ. కావాలనే రాశాను. ఒక చిన్న తప్పు ఇస్తే వాళ్ళు వెతకడం మానేస్తారనుకున్నాను. ఎవరూ పట్టుకోలేదు."

"నేను పట్టుకున్నాను" అంది డీన్, ముఖంలో ఏ మార్పూ లేకుండా. "మీరెందుకు రాశారో కూడా నాకు అప్పుడే తెలిసింది. నాకేమీ ఇవ్వలేదు."

తప్పుల మేడం సంచి తెరిచి, ఎర్ర సుద్దముక్క ఒకటి తీసి బల్ల మీద ఆవిడ ముందు పెట్టింది. డీన్ దాన్ని పెన్ను పక్కన బుద్ధిగా సర్దుకుంది.

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. ఆయన ముందు అదే వ్యాసం ఉంది. ఈసారి పేజీలు తిప్పి ఉన్నాయి.

"చదువుకున్నవాళ్ళలో ఎంతమంది యాభై అన్నారని రాశారమ్మా మీరు?"

"సగం మందికి పైనే సార్."

"ఇంకొకణ్ణి కలుపుకోండి" అన్నాడాయన. "నలభై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్నాను. పిల్లలు తప్పు చేస్తే దిద్దాను, లేదా తిట్టాను. ఎందుకు అనిపించిందని ఒక్కణ్ణీ అడగలేదు. ఇవాళ నన్ను అడిగితే గాని నాకు ఆ తేడా తెలియలేదు. ఆ పిల్ల నవ్వి ఉంటే కోపంతో వెళ్ళిపోయేవాణ్ణి, లెక్క మాత్రం వచ్చేది కాదు. అది మీరు నేర్పిందే కదా?"

"అవునండీ" అంది తప్పుల మేడం.

"మరి దీన్ని పరిశోధన కాదని ఎవరన్నారు?" అని ఆయన చుట్టూ చూశాడు. అన్న మనిషి పెద్దాయనేనని హెడ్డుగారికి తెలుసు, డీన్‌కు తెలుసు, ఆయనకూ తెలుసు. హెడ్డుగారే ధైర్యం చేసి, "ఎవరో అని ఉంటారు లెండి" అన్నారు.

సాయంత్రానికల్లా ఆర్డరు చేతికొచ్చింది. వచ్చే నెల నుంచి ఆవిడ ప్రొఫెసరు. క్లాసులు ఎక్కడికీ పోవు, ఇంకో రెండు ఎక్కువొచ్చాయి. కొత్తగా చేరే అధ్యాపకులకు ఆవిడే పాఠం చెప్పాలట. వరండాలో గోడకు ఆనుకుని తప్పుల మేడం వారం రోజుల ఊపిరిని ఒక్కసారిగా వదిలింది. ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది, చివరికి బాగా ఆకలేసింది.

ఇంట్లో గుమ్మం దగ్గరే అత్తగారు ముఖం చూసి విషయం పసిగట్టింది. "వచ్చింది కదూ? నే చెప్పలా, అలవాటు మానొద్దని."

"మానితేనే వచ్చింది అత్తయ్యా" అంటూ చెప్పులు విడిచి, భోజనాల బల్ల దగ్గర కూర్చుని, తేదీ దగ్గర మొదలుపెట్టి నీలం సుద్ద దాకా మొత్తం చెప్పింది. అత్తగారు మధ్యలో రెండుసార్లు నవ్వింది, ఒకసారి కళ్ళు తుడుచుకుంది. పళ్ళ డాక్టరు మాత్రం చాలా శ్రద్ధగా విన్నాడు.

"పాపం పెద్దాయన, అంతమందిలో" అన్నాడు చివరికి. "అయినా ఒప్పుకున్నాడు చూడు, అదీ పెద్దరికమంటే. చాలా సంతోషంగా ఉంది నాకు." అన్నం కలుపుకుంటూ కాసేపు ఆలోచించాడు. "అంతా బాగానే ఉంది గాని, యాభై అంటే వచ్చిన నష్టమేమిటో నాకు తెలీలేదు."

ఇన్నేళ్ళ కాపురంలో ఆయన్ని ఆ లెక్క అడగకపోవడమే తన పరిశోధన మొత్తంలో అన్నిటికన్నా తెలివైన పని అని కొత్త ప్రొఫెసరుకు ఆ పూట రూఢి అయింది.